పిహెచ్.డి. చదువు: మన పిల్లలు, మన ఇళ్ళు

(పరిశోధక విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో కర్నూలులో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక విషయం విన్నవించుకోవాలి. మేము ఆచార్యులం కాము. మాలో ఎవరికీ పిహెచ్.డి. పట్టా లేదు. రెవెన్యూలోను, ఖజానా శాఖలోను, విద్యాశాఖలోను గుమస్తాలుగా చేరి, ముప్పయ్యేళ్ళకు పైగా ఫైళ్ళు నడిపి, పదవీ విరమణ చేసినవాళ్ళం. నలుగురం కలిసి మసీదు పక్కనున్న ఒక గదిలో ఆదివారాలు కూర్చుంటాం. పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపిపెట్టడం, ఆదాయ, కుల ధ్రువపత్రాలు ఇప్పించడం మా పని. తొలిరోజుల్లో పదోతరగతి, ఇంటరు పిల్లలే వచ్చేవారు. తర్వాత డిగ్రీ పిల్లలు, ఎం.ఏ. పిల్లలు వచ్చారు. గత పదేళ్ళుగా పిహెచ్.డి. చేస్తున్నవాళ్ళు రావడం మొదలైంది. సంఖ్య తక్కువే, ఏడాదికి అయిదారుగురు. వాళ్ళు తెచ్చిన కాగితాలు మొదట మాకు అర్థం కాలేదు. వాళ్ళ అమ్మానాన్నలకు అసలే అర్థం కాలేదు. ఈ సభలో మాట్లాడమని నిర్వాహకులు మమ్మల్ని అడగడానికి కారణం మా పాండిత్యం కాదు. మేము చేసిన పొరపాట్లే కావచ్చు. కనుక ఒక పొరపాటుతోనే ప్రారంభిస్తాం.

కొన్నేళ్ళ కిందట రసాయనశాస్త్రంలో పిహెచ్.డి. మూడో సంవత్సరంలో ఉన్న ఒక అమ్మాయి తన తండ్రితో కలిసి మా గదికి వచ్చింది. సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకుది నెల్లూరు. అక్కడికి వెళ్ళాక ఈ చదువు ఎట్లా సాగుతుందన్నది ప్రశ్న. ఫెలోషిప్ లేదు, ఇంటి నుంచే ఖర్చు. ఆ పిల్ల మాట్లాడలేదు. ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తండ్రి మమ్మల్ని, "మీరు పెద్దలు, మీరే చెప్పండి సార్" అన్నాడు. మేము చెప్పాం. "పెళ్ళి కానివ్వండి, చదువు తర్వాత చూసుకోవచ్చు. డి.ఎస్సీ. రాయమ్మా, టీచరు ఉద్యోగం వస్తుంది" అన్నాం. ఆమె తల ఊపింది. మూడేళ్ళ ప్రయోగశాల పని అక్కడితో ఆగిపోయింది.

ఆ తర్వాత రెండేళ్ళకు, మరొకరి పనిమీద విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యు.జి.సి., 2016లో జారీచేసిన పిహెచ్.డి. నిబంధనలు తెప్పించుకుని చదివాం. అందులో స్పష్టంగా ఉంది: వివాహం వల్ల గాని, ఇతర కారణం వల్ల గాని పరిశోధక విద్యార్థిని వేరే ఊరికి మారవలసివస్తే, ఆమె పరిశోధన సామగ్రిని ఆ ఊరి విశ్వవిద్యాలయానికి బదిలీ చేసుకోవడానికి అనుమతించాలి. బయటి సంస్థ నిధులతో నడిచే ప్రాజెక్టులో భాగమైన పని అయితే ఇది వర్తించదు. మొదటి సంస్థకు రావలసిన గుర్తింపు ఇస్తే చాలు. 240 రోజుల ప్రసూతి సెలవు కూడా అందులోనే ఉంది. ఆ అమ్మాయి మా ముందు కూర్చున్ననాటికే ఆ నిబంధన అమల్లో ఉంది. మేము చదవలేదు. ముప్పయ్యేళ్ళు జీ.ఓ.లు చదివినవాళ్ళం, చదవకుండా సలహా ఇచ్చాం. ఆమె ఇప్పుడు ఎక్కడ ఉందో తెలుసు. ముఖం చూపించే ధైర్యం లేక వెళ్ళలేదు.

ఆనాటి నుంచి మాకు మేము ఒక నియమం పెట్టుకున్నాం. పిహెచ్.డి. పిల్లలు వస్తే ముందు నిబంధన చదువుతాం, తర్వాత నోరు విప్పుతాం. మీతో చెప్పబోయేవి అలా చదివిన విషయాలు, చూసిన విషయాలు.

మన ఇళ్ళలో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఒకటుంది. "ఇంకా ఎన్నేళ్ళు చదువుతావు?" ఈ ప్రశ్నలోనే ఒక అపార్థం ఉంది. పిహెచ్.డి. అంటే ఎం.ఏ. తర్వాత వచ్చే మరో తరగతి అనుకుంటున్నాం. పాఠాలు విని, పరీక్ష రాసి, పాసయ్యే వ్యవహారంగా చూస్తున్నాం. అది నిజం కాదు. ఎం.ఏ. దాకా విద్యార్థి ఇతరులు కనుగొన్న విషయాన్ని నేర్చుకుంటాడు. పిహెచ్.డి.లో, అప్పటిదాకా ఎవరికీ తెలియని ఒక విషయాన్ని, అది ఎంత చిన్నదైనా సరే, తాను కనుగొని, దానికి రుజువులు చూపించి, ఆ శాస్త్రం తెలిసిన పెద్దల ముందు నిలబడి సమర్థించుకోవాలి. అది పని. ఆ పని చేసే మనిషి సగం విద్యార్థి, సగం ఉద్యోగి. ఆ పిల్లల ఇబ్బందులన్నీ ఈ రెండు సగాల మధ్యనే పుడుతున్నాయి. విద్యార్థి అంటే వయసు దాటింది, ఉద్యోగి అంటే జీతం లేదు. మొహల్లాలో ఎవరైనా "ఏం చేస్తున్నావు బేటా?" అని అడిగితే జవాబు చెప్పడానికి తడబడే ఇరవైతొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి మేము చూశాం.

ప్రస్తుతం అమల్లో ఉన్నవి 2022 నవంబరులో ప్రకటించిన యు.జి.సి. నిబంధనలు. వీటితో ఎం.ఫిల్. రద్దయింది. పిహెచ్.డి. కనీస కాలం మూడేళ్ళు, గరిష్ఠ కాలం ఆరేళ్ళు. పునర్నమోదు చేయించుకుంటే మరో రెండేళ్ళు. మహిళలకు, నిర్ణీత స్థాయికి మించిన వైకల్యం ఉన్నవారికి ఇంకా రెండేళ్ళు. అంటే మొత్తం పదేళ్ళ దాకా. 240 రోజుల ప్రసూతి సెలవు, ఊరు మారినప్పుడు పరిశోధన బదిలీ చేసుకునే హక్కు ఇందులోనూ కొనసాగాయి. ఆడపిల్లల తల్లిదండ్రులు దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి. పెళ్ళి జరిగిందని, కాన్పు వచ్చిందని చదువు మానాలని ఏ నిబంధనా చెప్పడం లేదు. మానాలని చెబుతున్నది మనమే.

శిక్షణ సంగతికి వద్దాం. చేరిన తర్వాత కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ పూర్తిచేయాలి. అందులో పరిశోధన పద్ధతులు నేర్పుతారు. పరిశోధన, ప్రచురణ నీతి అనే రెండు క్రెడిట్ల పాఠ్యాంశాన్ని యు.జి.సి. 2019 చివరలో తప్పనిసరి చేసింది. ఆ తర్వాత ప్రతి విద్యార్థికీ ఒక పరిశోధన సలహా సంఘం ఉంటుంది. ప్రతి సెమిస్టరులో ఆ సంఘం ముందు నిలబడి తన పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. బాగా లేకపోతే ఏం సరిదిద్దుకోవాలో సంఘం చెప్పాలి. కాగితం మీద ఇది మంచి ఏర్పాటే. జరుగుతున్నది వేరు. చాలాచోట్ల సంఘం సమావేశం కాదు. సంతకాలు మాత్రం వరండాలో సేకరిస్తారు. ఆ సంతకాలు సేకరించేది కూడా విద్యార్థే. మా సర్వీసులో సమావేశం జరగకుండానే మినిట్స్ రాసిన సందర్భాలు మేమూ ఎరుగుదుం గనుక ఆశ్చర్యపోలేదు. కాని ఇక్కడ నష్టపోయేది నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల. మూడో ఏడాదిలో సరిదిద్దవలసిన తప్పు ఆరో ఏడాదిలో బయటపడితే ఇక సరిదిద్దే సమయం ఉండదు. సమావేశం జరపమని రాతపూర్వకంగా కోరడం తప్పు కాదు, అవిధేయత అంతకన్నా కాదు.

ఇదే నిబంధనలలో చాలామందికి తెలియని అంశం మరొకటి ఉంది. ఏ శాఖలో పరిశోధన చేస్తున్నా సరే, తమ విషయాన్ని బోధించడంలోను, రాయడంలోను శిక్షణ పొందాలి. ట్యుటోరియళ్ళు, ప్రయోగశాల తరగతులు, మూల్యాంకనం వంటి పనులు వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు అప్పగించవచ్చు. ఇది శిక్షణ కోసం పెట్టింది. డిగ్రీ పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పగలిగినప్పుడే తనకు ఎంత తెలుసో, ఎంత తెలియదో పరిశోధకుడికి అర్థమవుతుంది. కాని కొందరు పర్యవేక్షకులు ఈ నాలుగు గంటలను పద్నాలుగు గంటలు చేస్తున్నారు. ఇంకొందరు బోధన మాట ఎత్తకుండా, గ్యాస్ బుకింగ్ దగ్గరనుంచి పిల్లల్ని బడినుంచి తీసుకురావడం దాకా చేయిస్తున్నారు. గురుసేవ వేరు, వెట్టి వేరు. గురువు చెప్పులు సర్దిన శిష్యుల కథలు మన సంప్రదాయంలో చాలా ఉన్నాయి, నిజమే. ఆ గురువులు శిష్యుడికి ఇజాజత్ ఇచ్చేముందు గ్రంథమంతా అక్షరం అక్షరం చదివించి విన్నవాళ్ళు. మొదటి అధ్యాయం ఏడాది పాటు బల్ల సొరుగులో పెట్టి చదవని పర్యవేక్షకుడికి ఆ పోలిక వర్తించదు.

ఇది అందరి సంగతి కాదని కూడా చెప్పాలి. తన సొంత ఖర్చుతో విద్యార్థికి పుస్తకాలు తెప్పించి ఇచ్చినవారు, రంజాను నెలలో ఇఫ్తారు వేళ చూసి సమావేశం సమయం మార్చినవారు, అర్ధరాత్రి దాకా కూర్చుని సిద్ధాంత గ్రంథం దిద్దినవారు మా ఎరుకలో ఉన్నారు. వారిలో ఎక్కువమంది మన సముదాయం వారు కాదు.

పర్యవేక్షకుడి విషయంలో ముందే చూసుకోవలసినవి రెండున్నాయి. ఒకటి సంఖ్య. ప్రొఫెసరు ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి మించి పర్యవేక్షణ చేయరాదు. రెండోది పదవీ విరమణ. మూడేళ్ళ లోపు సర్వీసు మిగిలినవారు కొత్తగా విద్యార్థులను తీసుకోకూడదు. ఉన్నవారిని మాత్రం విరమణ దాకా కొనసాగించవచ్చు; ఆ తర్వాత 70 ఏళ్ళు నిండేదాకా సహ పర్యవేక్షకుడిగా ఉండవచ్చు. ఇది మాకు ఒక కుర్రవాడి ఫైలు వల్ల తెలిసింది. అతని విషయం ఈ జిల్లాలోని ఇనాం భూముల చరిత్ర. మంచి విషయం. 1839లో ఆంగ్లేయులు తొలగించేదాకా కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉన్న ప్రాంతం ఇది. దర్గాలకు, మసీదులకు, ఖాజీలకు ఇచ్చిన ఇనాములు తర్వాత ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలోకి ఎట్లా ఎక్కాయి, ఎట్లా జారిపోయాయి అన్నది అతని ప్రశ్న. మాలో రెవెన్యూలో పనిచేసినవారికి ఆ రిజిస్టర్ల పసుపుపచ్చ కాగితాల వాసన ఇప్పటికీ గుర్తే. పర్యవేక్షకుడు రిటైరయ్యాడు. "మళ్ళీ మొదటినుంచి నమోదు చేసుకో" అని ఆఫీసులో చెప్పారట. నాలుగేళ్ళ పని! అతను ఏడ్చినంత పని చేశాడు. ఏ విశ్వవిద్యాలయమన్నది ఇక్కడ అప్రస్తుతం.

మేము నిబంధన చూసి ఒక ఉత్తరం రాశాం. దురుసుగా ఒక్క మాట లేదు. నిబంధన సంఖ్య, అతని నమోదు తేదీ, విరమణ చేసిన ఆచార్యుడి సమ్మతి, విభాగంలో ఖాళీ ఉన్న పర్యవేక్షకుల పేర్లు. అంతే. "దీన్ని చేతికిచ్చి రావద్దు, ఇన్‌వర్డ్‌లో ఇచ్చి నంబరు వేయించుకో, నకలు మీద ముద్ర వేయించుకో" అని చెప్పి పంపించాం. ఆరు వారాల్లో కొత్త పర్యవేక్షకుణ్ణి నియమించారు, పాత ఆచార్యుడు సహ పర్యవేక్షకుడయ్యాడు. ఇందులో మా గొప్పతనం ఏమీ లేదు. ఇన్‌వర్డ్ నంబరు పడిన కాగితానికి ఎవరో ఒకరు జవాబు రాయాలి. నోటిమాటకు ఎవరూ రాయనక్కరలేదు. పరిశోధక విద్యార్థులు వెయ్యి పుస్తకాలు చదువుతారు గాని ఈ ఒక్క ముక్క ఎవరూ వారికి నేర్పరు. ఫీజు రశీదు, కోర్సువర్క్ మార్కుల జాబితా, సలహా సంఘం మినిట్స్, సెలవు ఉత్తర్వు, అన్నింటికీ నకళ్ళు తేదీల వారీగా ఒక దారానికి గుచ్చి పెట్టుకోండి. మా ముసలివాళ్ళ చాదస్తం అనుకున్నా ఫరవాలేదు.

ఇక నీతి విషయం. కొంచెం కటువుగా మాట్లాడవలసి ఉంది. పది, ఇరవై వేలకు, ఇంకా ఎక్కువకు సిద్ధాంత గ్రంథాలు రాసిపెట్టేవాళ్ళు తయారయ్యారు. మన పిల్లల్లోనూ ఆ దారి తొక్కినవారు లేరని చెప్పలేం. 2018 నాటి నిబంధనల ప్రకారం, ఇతరుల రాతతో పోలిక పది శాతం లోపు ఉంటే శిక్ష లేదు. పది నుంచి నలభై శాతం ఉంటే ఆరు నెలల్లోపు దిద్ది మళ్ళీ ఇవ్వాలి. నలభై నుంచి అరవై ఉంటే ఏడాది దాకా సమర్పించడానికి వీల్లేదు. అరవై దాటితే నమోదే రద్దవుతుంది. పైగా ఆమోదం పొందిన ప్రతి సిద్ధాంత గ్రంథమూ శోధ్‌గంగ అనే జాతీయ భాండాగారంలోకి చేరుతుంది. ఈరోజు దొరకని దొంగతనం పదేళ్ళ తర్వాత, ప్రమోషను వేళ, ఎవడో ఒకడు తీసి చూపిస్తాడు.

శిక్షను చూసి భయపడటం ఒక ఎత్తు. మన ఇళ్ళలో తల్లులకు ఈ సంగతి ఇంకో విధంగా చెబితే బాగా అర్థమవుతున్నది. హదీసు సంకలనం చేసిన పెద్దలు ఒక్కొక్క మాటకు ముందు, ఇది నాకు ఫలానావారు చెప్పారు, ఆయనకు ఫలానావారు చెప్పారు అని వరుసగా చెప్పుకుంటూ వెళ్ళారు. దాన్నే ఇస్నాద్ అన్నారు. వరుసలో ఒక్క మనిషి నమ్మదగినవాడు కాకపోయినా ఆ మాట బలహీనమైంది. సిద్ధాంత గ్రంథంలో పేజీ కింద ఉండే అధోజ్ఞాపికలు చేసే పని అదే. ఒక తల్లి ఇది విని తన కొడుకుతో, "అయితే నీ పుస్తకంలో ఇస్నాద్ సరిగా ఉందా?" అని అడిగింది. ఆ కుర్రవాడి పర్యవేక్షకుడు ఇంతకన్నా మంచి ప్రశ్న అడిగి ఉండడు.

డబ్బు సంగతి. యు.జి.సి. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ వచ్చినవారికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెట్ లేకుండా చేరినవారికి నెలకు 8,000. మన పిల్లల్లో ఎక్కువమంది చదువుతున్నది రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో. నెట్ ఫెలోషిప్ గాని, ఇతర ఫెలోషిప్ గాని లేకపోతే వారికి ఇల్లే దిక్కు.

ఈ లోటు కొంత తీర్చడానికే 2009-10లో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ వచ్చింది. సచార్ కమిటీ నివేదిక 2006లో బయటపెట్టిన స్థితిగతులు దాని వెనుక ఉన్నాయి. పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివేవారిలో ఇరవైఅయిదుగురికి ఒకరు, పి.జి. చదివేవారిలో యాభైమందికి ఒకరు మాత్రమే ముస్లింలని ఆ నివేదిక చెప్పింది. ఫెలోషిప్ ముస్లింలకే కాదు. క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పారశీకులు, ఆ తర్వాత జైనులు కూడా అర్హులే. 2014-15 నుంచి 2021-22 వరకు 6,722 మందిని ఎంపిక చేశామని, 738.85 కోట్ల రూపాయలు పంపిణీ చేశామని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. అదే జవాబులో, 2022 డిసెంబరులో, పథకాన్ని 2022-23 నుంచి నిలిపివేస్తున్నట్లు కూడా చెప్పింది. ఇతర ఫెలోషిప్‌లతో కలగలిసిపోతున్నదన్నది కారణం.

ఆ కారణాన్ని మేము గుమస్తాల బుద్ధితో పరిశీలించాం. ఒకే కాలంలో ఒక విద్యార్థి రెండు ఫెలోషిప్‌లు తీసుకోవడానికి వీల్లేదు. అలాంటప్పుడు ఖజానా మీద రెండుసార్లు భారం పడే ప్రశ్నే లేదు. ఒక పిల్ల రెండు తలుపులు తట్టగలిగితే అది కలగలుపు కాదు. ఒక తలుపు మూసుకుంటే రెండోది తెరిచి ఉందన్న భరోసా. పైగా ఓ.బి.సి. ఫెలోషిప్ ఆ జాబితాలో ఉన్నవారికే. ఆ జాబితాలో లేని పేద ముస్లిం విద్యార్థికి అది పనికిరాదు. ఇక్కడ ఒక హెచ్చరిక: రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. రాష్ట్రంలో బి.సి. ధ్రువపత్రం ఉన్నంతమాత్రాన కేంద్ర ఫెలోషిప్‌కు చెల్లుతుందనుకోవద్దు. దరఖాస్తుకు ముందే కేంద్ర జాబితాలో మీ సముదాయం పేరు చూసుకుని, ఆ నమూనాలోనే ధ్రువపత్రం తీసుకోండి. గడువుకు రెండు రోజుల ముందు మా గదికి పరుగెత్తుకొచ్చేవారిని చూసి చూసి ఇది చెబుతున్నాం.

2011 జనాభా లెక్కల్లో మనం 14.2 శాతం. కేంద్ర ప్రభుత్వం జరిపిన ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2020-21లో ఉన్నత విద్యలో మన వాటా 4.6 శాతం. అంతకుముందు సంవత్సరంతో పోలిస్తే ముస్లిం విద్యార్థులు దాదాపు లక్షా డెబ్బైతొమ్మిది వేలమంది తగ్గారు. డిగ్రీలోనే ఇంత తగ్గితే పిహెచ్.డి. దాకా చేరేవారెందరో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. ఫెలోషిప్ పునరుద్ధరించాలని కోరుతూనే ఉండాలి, ఎం.పి.లకు వినతిపత్రాలు ఇస్తూనే ఉండాలి. ఆలోగా ఇప్పుడు చదువుతున్న పిల్ల ఈ నెల మెస్ బిల్లు ఎట్లా కట్టాలన్నది వేరే ప్రశ్న. దానికి వినతిపత్రం జవాబు కాదు. జకాత్ సొమ్ములో ఉన్నత చదువుకు భాగం ఉండవచ్చునా అన్నది ఉలమాలు చెప్పవలసింది, మేము చెప్పం. సదఖాకు, మామూలు చందాకు ఎవరి అడ్డూ లేదు. షాదీఖానాకు ఏ.సి.లు పెట్టించడానికి నెలలో చందా పోగుచేసిన పేట మాది. మాకే సిగ్గనిపించింది.

ప్రవేశాల్లో మార్పు కూడా గమనించాలి. 2024 జూను నుంచి నెట్ పరీక్ష ఫలితాలను మూడు వర్గాలుగా ఇస్తున్నారు. మొదటి వర్గానికి ఫెలోషిప్, అసిస్టెంట్ ప్రొఫెసరు అర్హత, పిహెచ్.డి. ప్రవేశం, రెండోదానికి చివరి రెండు, మూడోదానికి ప్రవేశార్హత మాత్రమే. రెండు, మూడు వర్గాలవారికి ప్రవేశంలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ. ఆ మార్కులు ఏడాది మాత్రమే చెల్లుతాయి. అంటే ఎం.ఏ. రెండో ఏడాదిలోనే నెట్‌కు కూర్చోవాలి.

మరి ఇంత కష్టపడితే ఉద్యోగం వస్తుందా? మేము అబద్ధం చెప్పదలచుకోలేదు. పిహెచ్.డి. ఒక్కటే ఉద్యోగం ఇవ్వదు. అసిస్టెంట్ ప్రొఫెసరు పోస్టుకు నెట్, సెట్ వంటివే కనీస అర్హత అని, పిహెచ్.డి. తప్పనిసరి కాదని 2023 జూలై నుంచి యు.జి.సి. నిర్ణయించింది. డాక్టరేటు ఉండి కాంట్రాక్టు జీతానికి పాఠాలు చెబుతున్నవారు ఈ సభలోనే ఉన్నారు. కనుక పెద్ద పేరుకోసమో, పెళ్ళిపత్రికలో పేరుముందు రెండక్షరాల కోసమో ఈ దారికి రావద్దని మేమే చెబుతున్నాం. ఒక ప్రశ్న మనసును పట్టుకుని వదలకపోతే అప్పుడు రండి.

ప్రశ్నలకు మనకు కొదవ లేదు. ఇతరులకు సులభంగా దొరకని ఒక సాధనం మన పిల్లల చేతిలో ఉంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలపు దక్కను పత్రాలు ఫారసీలో కట్టలు కట్టలుగా ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియం గ్రంథాలయంలో అరబ్బీ, ఫారసీ, ఉర్దూ రాతప్రతులున్నాయి. వాటిని చదివి తెలుగులో చెప్పగలిగినవారు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. ఉర్దూ వచ్చిన పిల్లవాడు ఒకటి రెండేళ్ళు కష్టపడితే ఫారసీ పత్రం చదవగలుగుతాడు. ఆ శిక్షణ కోర్సువర్క్‌లో ఉండదు; తానే వెతుక్కోవాలి. హైదరాబాదులోనే పుట్టిన జాకిర్ హుస్సేన్ గారు బెర్లిను వెళ్ళి భారతదేశంలో బ్రిటిషువారి వ్యవసాయ విధానం మీద పరిశోధన చేసి 1926లో డాక్టరేటు తెచ్చుకున్నారు. ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమంలో చదివిన రజీయుద్దీన్ సిద్దీఖీ గారు లైప్‌జిగ్‌లో హైజెన్‌బర్గ్ దగ్గర భౌతికశాస్త్ర పరిశోధన చేశారు. ఇంటి భాష వారికి అడ్డు కాలేదు.

చివరగా ఒక అమ్మాయి సంగతి. దూదేకుల ఇంటి పిల్ల. తండ్రికి రోడ్డు పక్కన పరుపులు, దిండ్లు కుట్టే కొట్టు. ఆమె పరిశోధన విషయం, దూదేకే వృత్తికి సంబంధించిన తెలుగు పదాలు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాలను 1962లో, చేనేత పదాలను 1971లో వెలువరించారు. ఆ దారిలో తన తాతల వృత్తిని గ్రంథస్థం చేయాలన్నది ఆమె కోరిక. విల్లుతో దూది ఏకేవారు ఇప్పుడు కనబడరు, అంతా యంత్రమే. ఆ మాటలు తెలిసినవారు డెబ్బై, ఎనభై ఏళ్ళ ముసలివాళ్ళు. వాళ్ళు వెళ్ళిపోతే మాటలూ వెళ్ళిపోతాయి. అందుకని ఆమెకు తొందర.

ఒక దశలో ఆమెకు రావలసిన ఫెలోషిప్ సొమ్ము ఏడు నెలలు రాలేదు. ఎవరివల్ల అన్నది ఇక్కడ వద్దు. హాస్టలు ఖాళీచేసి ఇంటికి వచ్చేసింది. తండ్రి మా గదికి వచ్చి, "పరిశోధన మాన్పిస్తాను సార్, అప్పు పెరుగుతున్నది" అన్నాడు. సరిగ్గా అదే కుర్చీ, పాత పిల్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది. ఈసారి మేము సలహా ఇవ్వలేదు. అయిదు నెలల మెస్ బిల్లు మా పెన్షన్లలోంచి నలుగురం పంచుకున్నాం. బాకీ అని రాసుకోలేదు గాని, సొమ్ము వచ్చాక ఆమె తానే తెచ్చి ఇచ్చింది, దాన్ని తర్వాతి పిల్లకు దాచాం. తండ్రితో, "మీరు ఆమెకు ఇవ్వవలసింది డబ్బు కాదు, మీ నాయన వాడిన మాటలు" అన్నాం. ఆయన మొదట నవ్వాడు. ఆ తర్వాత రాత్రులు కొట్టు మూసి వచ్చి కూతురు ఎదుట కూర్చుని ఒక్కొక్క పనిముట్టు పేరు గుర్తుచేసుకున్నాడట. గుర్తురానివాటికోసం ఆమెను బనగానపల్లెలో ఉన్న తన మేనత్త దగ్గరకు బండిమీద తీసుకువెళ్ళాడు. సిద్ధాంత గ్రంథంలో సమాచారం ఇచ్చినవారి జాబితాలో మొదటి పేరు ఆయనదే.

గ్రంథం సమర్పించింది. సమర్పించిన ఆరు నెలల్లోపు మూల్యాంకనం పూర్తిచేయాలని నిబంధన. బయటి పరీక్షకుల నివేదికలు వచ్చాయి, వచ్చే నెలలో వైవా. మొన్న ఆదివారం తండ్రి వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడి, "సార్, ఆ రోజు మేము కూడా పోయి వెనకాల కూర్చోవచ్చా? ఏమన్నా అంటారా?" అని అడిగాడు. కూర్చోవచ్చని చెప్పాం. ఉదయం ఆరున్నర బస్సుకు నలుగురం కూడా బయలుదేరుతున్నాం.